ఫోన్‌లో నెట్ వస్తోంది, ల్యాప్‌టాప్‌లో పోతోంది: తప్పు రౌటర్‌దా, ల్యాప్‌టాప్‌దా?

వేగుచుక్క: రౌటర్ హాల్లో, నేను పక్క గదిలో. ల్యాప్‌టాప్‌లో వైఫై గుర్తు నిండుగానే ఉంటుంది, మీటింగ్ మధ్యలో నెట్ పోతుంది. అదే బల్ల మీదున్న ఫోన్‌లో వీడియో ఆగకుండా ఆడుతుంది. నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే "ఫోన్‌లో వస్తోందిగా, ల్యాప్‌టాప్ చూపించుకోండి" అన్నారు. నిజమేనా?

రాత్రిషిఫ్ట్: నిజమేనండి. ఒకే రౌటర్, ఒకే గది. ఒకదానికి వచ్చి ఇంకోదానికి రావట్లేదంటే ఇంకేముంది? విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ కొట్టండి. సేవ్ అయిన వైఫై పాస్‌వర్డులు పోతాయి, మళ్లీ ఇచ్చుకోవాలి, అంతే.

రాగితీగ: ఆ "అంతే" దగ్గరే నాకు అభ్యంతరం. ఆఫీసు వీపీఎన్ (ఇంటినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపేది) ఉంటే అదీ మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు. పైగా ఫోన్‌లో వస్తోంది కాబట్టి రౌటర్ బాగున్నట్టే అనడం కుదరదు. వైఫైకి రెండు బ్యాండ్లు, అంటే రెండు తరంగాల శ్రేణులు ఉంటాయి: ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌లో, ల్యాప్‌టాప్ 2.4లో ఉండొచ్చు. పేరు ఒకటే కనిపించినా రౌటర్ లోపల రేడియోలు వేరు. 2.4లో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగలిగే ఛానళ్లు 1, 6, 11 మూడే. చుట్టుపక్కల ఇళ్లవాళ్లందరూ వాటిమీదే ఉంటారు. ఇంకో సంగతి, వైఫైలో నెట్ ఆగితే చాలా ఫోన్లు చడీచప్పుడు లేకుండా మొబైల్ డేటాకి మారిపోతాయి. ముందు డేటా ఆపి చూడండి.

నెట్ పోయినప్పుడే కమాండ్ ప్రాంప్ట్‌లో (విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే నల్ల తెర) ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టండి. 169.254తో మొదలయ్యే అడ్రస్ ఉంటే రౌటర్ నుంచి అడ్రస్ అందలేదన్నమాట. సరైనదే ఉంటే, అక్కడే కనిపించే డిఫాల్ట్ గేట్‌వేకి, అంటే రౌటర్ అడ్రస్‌కి, పింగ్ కొట్టండి (ping అని, పక్కన ఆ అడ్రస్ ఇస్తే అవతలి నుంచి జవాబు వస్తోందో లేదో చూపిస్తుంది). జవాబు రాలేదా, గొడవ మీకూ రౌటర్‌కీ మధ్యే. వస్తే 8.8.8.8కి, అంటే బయట నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్‌కి, కొట్టండి. అదీ వచ్చి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే తప్పు డీఎన్ఎస్‌ది, అంటే సైట్ పేరుని అడ్రస్‌గా మార్చే వ్యవస్థది.

చిన్నక్క: మొబైల్ డేటా సంగతి మా ఇంట్లోనూ అంతే. డేటా అయిపోయాక గానీ తెలియలేదు.

రాత్రిషిఫ్ట్: సరే, డేటా ఆపినా ఫోన్‌లో వచ్చిందనుకోండి. అప్పుడు ల్యాప్‌టాప్ తప్పేగా? డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్‌కి, కరెంటు ఆదా కోసం దాన్ని ఆపేసుకోమనే టిక్ ఒకటి ఉంటుంది. హెల్ప్‌డెస్క్‌లో రోజూ చూస్తున్నాను, అది తీసేస్తే చాలామందికి బాగైపోతుంది.

రాగితీగ: అప్పుడూ తేలదు, బ్యాండ్ తేడా అలాగే ఉందిగా! ఈ మాట చెప్పే ఒక రిపేరు షాపువాడు నాచేత వైఫై కార్డు మార్పించాడు. కొత్త కార్డుతోనూ అదే తంతు. చివరికి చూస్తే, పక్కన తగిలించిన యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్! దాని నుంచి వచ్చే రొద 2.4 బ్యాండ్‌లో పడుతుంది. ఇంటెల్ 2012లోనే దీనిమీద పత్రం ఇచ్చింది. కేబుల్ పీకితే నెట్, పెడితే సున్నా.

రాత్రిషిఫ్ట్: హార్డ్‌డిస్క్ తగిలించింది ల్యాప్‌టాప్‌కే కదా. నేనన్నదే అయింది.

రాగితీగ: కార్డు బాగానే ఉందిగా! రీసెట్ కొడితే ఆ రొద ఆగుతుందా? ఏమైందో చూడకుండా తుడిచిపారేయడం ఒక్కటే మీకు తెలిసిన వైద్యం.

రాత్రిషిఫ్ట్: మాట జాగ్రత్త. ఆ నల్ల తెర తెరిచి అంకెలు చదవమంటే అవతలి మనిషికి కంగారు పుడుతుంది. మా అమ్మకి ఫోన్‌లో చెప్పి చూడండి, తెలుస్తుంది. మీటింగ్‌లో అందరూ ఎదురుచూస్తుంటే కారణం ఎవరిక్కావాలి? నెట్ రావాలి.

రాగితీగ: కారణం తెలియకపోతే రేపు మళ్లీ పోతుంది, మీ అమ్మగారు మళ్లీ మీకే ఫోన్ చేయాలి. కంపెనీవాళ్లు మళ్లీ ల్యాప్‌టాప్ మీదకే తోస్తారు. వాళ్లకి చూపించడానికి చేతిలో ఒక పింగ్ ఫలితమైనా ఉండాలి. అది లేకే నా డబ్బు పోయింది.

రాత్రిషిఫ్ట్: అది మీకూ ఆ షాపువాడికీ ఉన్న తగువు. వేగుచుక్క గారికి కావలసింది రేపటి మీటింగ్.

వేగుచుక్క: నాకు రెండూ కావాలండి. డేటా ఆపినా ఫోన్‌లో వస్తోంది. ఫోన్ 5లో ఉంది, ల్యాప్‌టాప్ 2.4లో. హార్డ్‌డిస్క్ లేదు.

మూడోగది: రేపటికి రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి నేరుగా లాన్ కేబుల్ పెట్టేయండి. దాంట్లోనూ పోతే అసలిది వైఫై గొడవే కాదు.

రాగితీగ: బ్యాండ్ నేనన్నట్టే తేలింది. రౌటర్‌లో రెండు బ్యాండ్లకీ వేర్వేరు పేర్లు పెట్టి, ల్యాప్‌టాప్‌ని 5కి కలపండి.

రాత్రిషిఫ్ట్: 5 గోడ దాటితే నీరసిస్తుంది. ముందు ఆ టిక్ తీయండి.

రాగితీగ: తీయండి, కానీ పింగ్ కొట్టి ఫలితం ఇక్కడ పెట్టాక. టిక్కూ బ్యాండూ ఒకేసారి మార్చకండి, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది.