మామయ్య మాటకు నలుగురిలో అడ్డు చెప్పడం తప్పా?

వెన్నెల:
పోయిన శనివారం మా ఇంట్లో చుట్టాలంతా భోజనాలకు కూర్చున్నారు. ఇక్కడే అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా పిన్ని కొడుకు ఇల్లు కొనాలని చూస్తున్నాడు. వాడు ఒక వీధి పేరు చెప్పగానే మా మేనమామ, “అక్కడ వద్దురా, అంతా నల్లవాళ్ళే. రేపు అమ్మబోతే డబ్బులు రావు” అన్నారు. అందరూ తలూపారు. “రంగు చూసి ఇల్లు కొంటామా మామయ్యా?” అన్నాను. ఆయన కంచం పక్కకు నెట్టి లేచి వెళ్ళిపోయారు. అప్పట్నుంచి అమ్మ నాతో ముభావంగా ఉంటోంది. అనాల్సిందే అని నా నమ్మకం. మీ ఇళ్ళల్లో ఏం చేస్తారు?

శరత్:
ఆయన ఏమన్నారన్నది తర్వాత. పెద్దాయన్ని అన్నం దగ్గర నిలదీశారు. పక్కకు పిలిచి చెప్పొచ్చు కదా?

కిరణ్_బి:
ఆయన మాట్లాడింది రీసేల్ గురించి. ఇందులో రేసిజం ఏముంది?

వెన్నెల:
కిరణ్ గారూ, ఆ ధర ఎందుకు తక్కువో చూడండి. 1930లలో ప్రభుత్వ సంస్థే ఊళ్ళ మ్యాపులు గీసి, నల్లవాళ్ళుండే పేటలకు ఎర్ర రంగు వేసింది. అక్కడ ఇంటికి లోన్ దొరకడం గగనమైపోయింది. ఇళ్ళ విషయంలో వివక్ష కూడదని చట్టం వచ్చింది 1968లో. అప్పటికి ఒక తరం సొంత ఇల్లు లేకుండానే ముసలిదైపోయింది. స్కూళ్ళ డబ్బులో పెద్ద భాగం స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది కాబట్టి బళ్ళూ దెబ్బతిన్నాయి. ఇప్పుడు మనం వెళ్ళి “స్కూల్ బాగాలేదు, వాళ్ళున్నారు కదా” అంటున్నాం.

శరత్:
మ్యాపులు, చట్టాలు సరే. నలుగురిలో ఎందుకు అన్నారు? దానికి జవాబు రాలేదు.

పద్మజ_ఆర్:
మా ఇంట్లో ఇలాంటి మాటలొస్తే నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను. గొడవెందుకని.

శరత్:
ఇంకో మాట. నేను ఎమ్మెస్ చేసే రోజుల్లో ఒక గ్యాస్ స్టేషన్లో నైట్ షిఫ్ట్ చేసేవాణ్ణి. ఒక నల్లబ్బాయి వచ్చి తుపాకీ పెట్టాడు. ట్రిగ్గర్ మీద వాడి వేలు వణకడం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. గల్లాలో చిల్లర తప్ప ఏమీ లేదు, అదంతా తోడేసి ఇచ్చాను. మీ మామయ్యకూ అలాంటి అనుభవం ఏదైనా ఉందేమో, అడిగారా?

వెన్నెల:
ఆ రాత్రి మీరు పడ్డ భయాన్ని నేను కాదనను. కానీ 2017లో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో మన తెలుగు ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్లను చంపింది తెల్లవాడు. “నా దేశం నుంచి పొండి” అని అరిచి మరీ కాల్చాడు. ఆ తర్వాత తెల్లవాళ్ళుండే వీధిలో ఇల్లు కొనొద్దని మన పెద్దవాళ్ళు ఎవరైనా అన్నారా? అతన్ని ఆపబోయి తూటా తిన్నవాడూ తెల్లవాడేనని చెప్పుకున్నాం, మంచిదే. ఆ న్యాయం నల్లవాళ్ళకు ఎందుకు వర్తించదు?

పద్మజ_ఆర్:
2015లో అలబామాలో కొడుకు ఇంటికి వచ్చిన గుజరాతీ పెద్దాయన వీధిలో నడుస్తుంటే, ఎవరో నల్లతను తిరుగుతున్నాడని పొరుగాయన పోలీసులకు ఫోన్ చేశాడు. పోలీసు ఆయన్ని నేలకేసి కొడితే కాళ్ళూ చేతులూ సరిగా ఆడకుండా పోయాయి. మనల్నీ నల్లవాళ్ళ లెక్కలోనే చూస్తారు.

శరత్:
తుపాకీ నా మీద పెడితే పాఠం కూడా నాకేనా? సరే, మొత్తం చెప్తాను. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లతను పోలీసు చేతిలో చనిపోయినప్పుడు మా పెద్దమ్మాయి నిరసనకు వెళ్తానంది. గొడవలవుతున్నాయి, వద్దన్నాను. “నువ్వు రేసిస్ట్‌వి నాన్నా” అంది. వాళ్ళమ్మ ముందు, చెల్లి ముందు. ఇప్పుడు పండక్కి ఫోన్ చేస్తుంది, అంతే. మీలాంటి పిల్లలకు ఎవరికోసమో న్యాయం కావాలి. ఇంట్లోవాడు మాత్రం ఒక్క మాటకే పనికిరాకుండా పోతాడు.

వెన్నెల:
నేను మామయ్యను వదిలేయలేదు. పనికిరాడనుకుంటే ఆయనతో వాదనే పెట్టుకోను. నలుగురిలో ఎందుకన్నానో కూడా వినండి. మా బాబు నా పక్కనే ఉన్నాడు. వాడి ప్రాణస్నేహితుడు నల్లబ్బాయి, వారానికి రెండు రోజులు మా ఇంట్లోనే ఆడుకుంటాడు. తాతయ్య మాట వినగానే వాడు ముద్ద నోట్లో పెట్టుకోకుండా నా మొహంలోకి చూశాడు. మామయ్యకు పక్కకు పిలిచి చెప్తే ఆ మాట వీడికి వినపడుతుందా?

శరత్:
వినపడదు. కానీ తాతయ్య భోజనం మధ్యలో లేచిపోవడమూ వాడు చూశాడు. అది ఎవరు సర్దిచెప్తారు?

కిరణ్_బి:
మనం కష్టపడి చదువుకుని వచ్చాం, ఎవరికీ బాకీ లేం.

పద్మజ_ఆర్:
కష్టపడ్డాం, నిజమే. కానీ 1965 వలస చట్టానికి ముందు ఇక్కడ స్థిరపడటానికి భారతదేశానికి ఇచ్చిన కోటా ఏడాదికి సుమారు 100 మంది. ఆ చట్టం వచ్చింది పౌరహక్కుల ఉద్యమం ఊపులోనే. దెబ్బలు తిని, జైళ్ళకు వెళ్ళి 1964 పౌరహక్కుల చట్టం తెచ్చిన నల్లవాళ్ళు లేకపోతే మన చదువు చూసి ఇక్కడ స్థిరపడనిచ్చేదెవరు? ఈసారి నేను వంటింట్లోకి వెళ్ళను.

వెన్నెల:
ఆదివారం బాబును తీసుకుని మామయ్య ఇంటికి వెళ్తున్నాను. భోజనం మధ్యలో లేవాల్సి వచ్చినందుకు బాధపడుతున్నానని చెప్తాను. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను. శరత్ గారూ, మీ అమ్మాయికి గ్యాస్ స్టేషన్ సంగతి ఎప్పుడైనా చెప్పారా?

శరత్:
లేదు. పిల్లలకు చెప్పే విషయమా అది? మీరు వెళ్ళొచ్చాక మామయ్య ఏమన్నారో ఇక్కడ రాయండి. నలుగురిలో అనడం తప్పని మాత్రం ఇప్పటికీ అంటాను.