హెచ్‌ఆర్ వీపీని సీహెచ్‌ఆర్‌ఓ పదవికి సిద్ధం చేయాలి: ప్లాంట్ బాధ్యత ఇవ్వాలా?

నమస్కారం. హైదరాబాద్‌లోని ఒక లిస్టెడ్ ఫార్మా కంపెనీలో హెచ్‌ఆర్ వీపీ (వైస్ ప్రెసిడెంట్) 18 నెలల్లో సీహెచ్‌ఆర్‌ఓ, అంటే మొత్తం హెచ్‌ఆర్ విభాగానికి అధిపతి కావాలన్నది ప్లాన్. నియామకాలు, యూనియన్ చర్చలు ఆవిడకు కొట్టినపిండి. చిక్కంతా నామినేషన్ అండ్ రెమ్యునరేషన్ కమిటీ (పై స్థాయి నియామకాలు, జీతభత్యాలు చూసే బోర్డు కమిటీ) ముందే. ఈసాప్‌ల (ఉద్యోగులకిచ్చే షేర్ ఆప్షన్ల) విలువను ఇండ్ ఏఎస్ 102 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం వెస్టింగ్ కాలమంతా, అంటే వాటిపై హక్కు దక్కేదాకా, ఖర్చుగా రాయాలి కదా, దానివల్ల లాభం ఎంత తగ్గుతుందని అడిగితే సీఎఫ్‌ఓ (ఆర్థిక విభాగం అధిపతి) వైపు చూడాల్సి వస్తోంది.

మొదటి రెండు త్రైమాసికాలు సీఎఫ్‌ఓ బడ్జెట్ సమీక్షల్లో కూర్చోవడం, ఆపై ఎండీ జీతభత్యాల నోట్ తనే రాసి కమిటీకి వివరించడం... ఇంతవరకు ఖాయం.

సందేహం తర్వాతి అడుగు గురించి. ఒక ప్లాంట్ లాభనష్టాల బాధ్యత అప్పగిస్తే ఆరు నెలలు చాలవు. వేరేవాళ్లు వేసిన బడ్జెట్‌నే మోసి వచ్చేస్తారు. పూర్తి ఆర్థిక సంవత్సరం ఇస్తే గడువు దాటుతుంది. అమెరికా కార్ల కంపెనీ జీఎం (జనరల్ మోటార్స్)లో మేరీ బారా హెచ్‌ఆర్ తర్వాత ప్రొడక్ట్ డెవలప్‌మెంట్ చూసి 2014లో సీఈఓ అయ్యారు, నిజమే. కానీ ఆవిడ అంతకుముందే ప్లాంట్ నడిపిన ఇంజనీరు. మరోవైపు లీనా నాయర్ యూనిలీవర్ హెచ్‌ఆర్ నుంచి నేరుగా ఫ్యాషన్ కంపెనీ షనెల్ సీఈఓ అయ్యారు.

ప్లాంట్‌కు బదులు, వేరే కంపెనీని కొన్న తర్వాత దాన్ని కలుపుకునే విలీనం పనిని, ఖర్చు లక్ష్యంతో సహా, అప్పగించి చూసినవారున్నారా? ఆ కాలంలో హెచ్‌ఆర్ రోజువారీ పని ఎవరికిచ్చారు?