ముఠాలు రద్దయ్యాయి సరే, ఎల్‌డీపీలో ఇంకేం మిగిలింది?

పాతపేపరు:
జపాన్‌లో 26 ఏళ్ళుగా పాలక లిబరల్ డెమొక్రటిక్ పార్టీ (ఎల్‌డీపీ)తో చెట్టపట్టాలేసుకు తిరిగిన కొమెయితో పార్టీ 2025 అక్టోబర్‌లో పొత్తు తెంచుకుంది. చెప్పిన ముఖ్య కారణం డబ్బు రాజకీయాలు. అంటే 2023 చివర్లో రచ్చకెక్కిన విందు టికెట్ల కుంభకోణం ఇంకా వదల్లేదు. దానికి విరుగుడుగా ఎల్‌డీపీలోని ముఠాలను, అంటే ఒక్కో పెద్ద నాయకుడి వెనక చేరిన ఎంపీల వర్గాలను, రద్దు చేశారు కదా, అది సరైన మందేనా? నేనైతే కాదంటాను. 1955లో రెండు పార్టీలు కలిసి పుట్టిన ఎల్‌డీపీకి ముఠాలే ప్రాణం. మాజీ ప్రధానుల్లో కిషిదా ముఠా మెతక, అబే ముఠా కరడుగట్టిన జాతీయవాదం. ప్రధాని ముఠా మారితే జనానికి ప్రభుత్వమే మారినట్టు ఉండేది.

నిర్మొహమాటం:
ముఠాలను మరీ అంత ముద్దు చేయకండి సార్. ముఠా హోటల్లో విందు పెడుతుంది. టికెట్ మామూలుగా 20,000 యెన్‌లు. ఒక్కో ఎంపీ ఇన్ని అమ్మాలని కోటా. కోటా దాటి అమ్మిన సొమ్ము ఆ ఎంపీకే వెనక్కి. అది ముఠా లెక్కల్లో ఉండదు, ఎంపీ లెక్కల్లోనూ ఉండదు. పార్టీ సొంత విచారణలోనే 85 మంది తేలారు. ఇది సిద్ధాంతమా, కలెక్షనా?

కొత్తసభ్యుడు:
అక్కడ పార్టీలకు ప్రభుత్వమే డబ్బిస్తుందని విన్నానండీ?

నిర్మొహమాటం:
అదే కదా మంట! రిక్రూట్ అనే కంపెనీ నాయకులకు షేర్లు పంచిన 1988 కుంభకోణం లాంటివి చూశాక, 1994 సంస్కరణల్లో జనాభాలో తలకి ఏటా 250 యెన్‌ల లెక్కన ఖజానా నుంచి ఇవ్వడం మొదలుపెట్టారు, కంపెనీల ముందు చెయ్యి చాపొద్దని. కానీ విందు టికెట్లు వదిలేశారు. ఒక విందుకి 2 లక్షల యెన్‌ల లోపు కొంటే పేరు బయటపెట్టక్కర్లేదు. 2024లో ఆ హద్దుని 50,000కి దించారు, అదీ 2027 నుంచి అమలట. ఈ మాత్రం దానికి అంత గడువెందుకో!

పాతపేపరు:
మీరన్నది నా మాటే. టికెట్ల దారి మూయకుండా ముఠాల బోర్డులు పీకారు. డబ్బు మచ్చ పోలేదు, పార్టీ ఎటు నిలబడిందో తెలియకుండా పోయింది. 2024 అక్టోబర్ దిగువ సభ ఎన్నికల్లో 247 సీట్ల నుంచి 191కి పడ్డారు. మరుసటి జూలైలో ఎగువ సభలోనూ కూటమికి మెజారిటీ పోయింది. అప్పటి ప్రధాని ఇషిబా జాతీయవాదులకు అసలే రుచించలేదు. ఆ ఓట్లలో కొన్ని సాన్‌సెయితో అనే జాతీయవాద పార్టీ ఎత్తుకుపోయింది.

గింజలెక్క:
ఇద్దరూ ధరల ఊసే ఎత్తలేదు. 2025లో బియ్యం ధర ఏడాది కిందటికి దాదాపు రెట్టింపు. అలాంటప్పుడు వ్యవసాయ మంత్రి ఎతో, తానెప్పుడూ బియ్యం కొననే లేదని, మద్దతుదారులే ఇస్తుంటారని అన్నాడు. పదవి పోయింది. ఓటరుకి ముఠా ఏది, సిద్ధాంతం ఏది అన్న టెన్షన్ లేదు, వంటింటి ఖర్చే టెన్షన్.

నిర్మొహమాటం:
ఒప్పుకుంటాను. కానీ ఆ మాట అంతగా ఎందుకు గుచ్చుకుంది? వీళ్ళకి అన్నీ ఊరికే వస్తాయని టికెట్ల గొడవలో జనం అప్పటికే చూసి ఉన్నారు కాబట్టి.

పాతపేపరు:
ఇంకో సంగతి. రద్దు చేసుకోనని కూర్చున్న ముఠాకి పెద్ద మాజీ ప్రధాని ఆసో. ఇషిబా తర్వాత తకాయిచి ఎల్‌డీపీ అధ్యక్షురాలయ్యాక ఉపాధ్యక్ష పదవి ఆయనకే దక్కింది. ప్రధాన కార్యదర్శి కూడా ఆ ముఠా మనిషే.

నిర్మొహమాటం:
మరి ముఠాలు పోయాయని మీకు బెంగ దేనికండీ? ఒకటి నిక్షేపంగా ఉందిగా.