కడపలో పిల్లల బొమ్మల పుస్తకం: అచ్చు గురించి, ఒప్పందం గురించి సలహా కావాలి

ఆరేడేళ్ల పిల్లల కథ, లోపల 24 పేజీలు, నడిమధ్య పిన్ను కొట్టే బైండింగు. కథంతా యూనికోడ్‌లో (ఫోన్లలో, నెట్‌లో వాడే తెలుగు అక్షరాల పద్ధతి) ఉంది. అడిగినచోటల్లా పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, యూనికోడ్ కాని అను ఫాంట్లే అంటున్నారు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు ఎక్కదు, కన్వర్టర్‌తో మారిస్తే ‘రాష్ట్రం’ లాంటి మాటల్లో ఒత్తులు చెదురుతున్నాయి. చదవడం నేర్చుకునే పిల్లలకు అట్లాంటి పేజీ ఇవ్వలేం కదా! యూనికోడ్ తెలుగు ఎక్కే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, ఒత్తులు సరిగ్గా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టి చేసేవాళ్లు కడపలో గానీ ప్రొద్దుటూరులో గానీ ఉన్నారా?

బొమ్మలు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) ఉంది. తెర మీది ఆర్‌జీబీ రంగుల నుంచి అచ్చుకు వాడే సీఎంవైకే రంగులకు మారిస్తే ముదురు పచ్చ, నారింజ వెలిసిపోతున్నాయి. ముందే చిత్రకారుడితో సరిచేయించాలా, ప్రెస్సువాళ్లు చూసుకుంటారా? కాగితం 130 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) మ్యాట్ ఆర్ట్, అంటే మెరుపు లేని పూత కాగితం అనుకుంటున్నాం. పూత లేని మ్యాప్‌లిథో కాగితం చవకే గానీ రంగు పీల్చేస్తుంది.

ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) ఉచితం, దాంతో పేచీ లేదు. చిక్కంతా బొమ్మల హక్కులతోనే. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కులు రాయించుకునే ఒప్పందంలో గడువు రాయకపోతే ఆ హక్కులు ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. రెండో ముద్రణకు, ఈ-బుక్‌కు, కన్నడ అనువాదానికి చిత్రకారుడికి విడిగా ఇవ్వాలా, రాయల్టీలో వాటా రాసుకోవాలా? తెలుగులో రాసిన నమూనా ఒప్పందం ఎవరి దగ్గరైనా ఉంటే పంచుకోండి.