నెలసరికి ముందు హెచ్‌ఆర్‌వీ తగ్గితే జ్ఞాపకశక్తి కూడా తగ్గినట్టేనా?

పీజీ ప్రాజెక్టు, అనంతపురం: హాస్టల్లో డీఎస్సీకి చదివే అమ్మాయిల మీద ప్రాజెక్టు ఇది. పీరియడ్స్‌కు ముందు వారం పది రోజులు వాచీల్లో హెచ్‌ఆర్‌వీ (గుండె ఒక్కో కొట్టుకు మధ్య ఎడంలో వచ్చే తేడా) తగ్గి, గుండె వేగం పెరుగుతోంది. అప్పుడు చదివింది గుర్తుండదని రాయొచ్చా? కొలతలు ఎట్లా తీసుకోవాల?

ఫిజియాలజీ, కర్నూలు: రెండింటినీ ముడిపెట్టొద్దమ్మా. గుండె సంగతి నిజమే. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పెరిగి ఒంటి వేడి 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ ఎక్కుతుంది. గుండెను నెమ్మది చేసే వేగస్ నాడి పట్టు కొంచెం సడలుతుంది. అందుకే హెచ్‌ఆర్‌వీ తగ్గుతుంది, విశ్రాంతిలో కూడా గుండె నిమిషానికి రెండు నాలుగు సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. ఇది జబ్బు కాదు.

జ్ఞాపకం, ఏకాగ్రత మాట వేరు. అధ్యయనాలన్నీ కలిపి చూస్తే నెలసరి దశలను బట్టి నిలకడైన తేడా కనబడలేదు. కడుపునొప్పి, నిద్ర చాలకపోవడం చదువును దెబ్బతీస్తాయి, వాటిని విడిగా రాయించండి. ఒకే పరీక్ష మళ్లీ మళ్లీ పెడితే అలవాటుతోనే మార్కులు పెరుగుతాయి. అందుకని సగం మందికి మొదటి పరీక్ష అండం విడుదలకు ముందు, మిగతా సగానికి తర్వాత పెట్టాల. ఆడపిల్లలకు ఆ రోజుల్లో బుర్ర పనిచేయదనే మాటకు మీ ప్రాజెక్టు సాక్ష్యం కాకూడదు.

క్రీడా శిక్షణ, కడప: తెల్లారి లేవగానే, బాత్రూంకు పోయొచ్చి, కాఫీ టీ తాగకముందే కొలవండి. వెల్లకిలా పడుకుని ఒక నిమిషం ఆగి, ఐదు నిమిషాలు రికార్డు చేయాల. ఛాతీకి కట్టే బెల్టు మేలు, చెయ్యి కదిలితే వాచీ తప్పు చూపిస్తుంది. ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ (హెచ్‌ఆర్‌వీని చెప్పే ఒక అంకె) విలువ తీసుకోండి. ఎవరి అంకెలను వాళ్ల పాత అంకెలతోనే పోల్చాల.

అందరికీ నెలసరి మొదలైన 14వ రోజే అండం అనుకుంటే లెక్కంతా పోతుంది. ఎక్కువగా అటూ ఇటూ అయ్యేది చక్రంలో మొదటి సగమే. 10వ రోజు నుంచి రోజూ ఎల్‌హెచ్ స్ట్రిప్ (అండం విడుదలకు ముందు పెరిగే హార్మోన్‌ను మూత్రంలో చూపేది) వాడండి. టెస్ట్ గీత కంట్రోల్ గీతంత ముదురుగా వస్తే ఇంచుమించు 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది. పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ల సమస్య) ఉన్నవాళ్లలో అది ఊరికే పాజిటివ్ చూపొచ్చు. గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్లను వేరే గుంపులో పెట్టండి.

ఫిజియాలజీ, కర్నూలు: మే నెలలో మన ఎండలకు, రాత్రి ఉక్కకు నిద్ర పట్టక హెచ్‌ఆర్‌వీ పడిపోతుంది. గది వేడి కూడా రాయండి. అందరికీ ముందే హిమోగ్లోబిన్ చూడండి. డెసిలీటరుకు 12 గ్రాములకన్నా తక్కువుంటే రక్తహీనతే, గుండె వేగం దానివల్లా పెరుగుతుంది. గంటకొక ప్యాడ్ తడిసిపోతున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా ఆ అమ్మాయిని వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.