అప్పు భారాన్ని జీడీపీతో కొలవాలా, పన్ను రాబడితో కొలవాలా?

రక్షణ ఖర్చు పెంచాలంటే పన్నులు పెంచాలా, అప్పు చేయాలా అని మా బాబాయితో వాదన నడుస్తోంది. అప్పు జీడీపీని దాటితే ఆ దేశం పని అయిపోయినట్టే అంటాడు బాబాయి. మరి జపాన్ అప్పు జీడీపీకి 200 శాతం పైనే ఉంది కదా, అంతకన్నా తక్కువున్న గ్రీసు 2010లో ఎందుకు కూలబడింది? జపాన్ అప్పు సొంత కరెన్సీలో, ఎక్కువగా స్వదేశీయుల దగ్గరే ఉంది. యూరోలు సొంతంగా ముద్రించుకునే వీలు గ్రీసుకు లేదు. అంతవరకు సరే.

చిక్కంతా వడ్డీ దగ్గరే. 2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికా కట్టిన నికర వడ్డీ దాని రక్షణ ఖర్చునే మించిపోయింది! వడ్డీ ఎగ్గొట్టలేరు కాబట్టి కోత బడుల మీదో ఆస్పత్రుల మీదో పడుతుంది. అందుకే వసూలైన పన్నుల్లో వడ్డీకి ఎంత పోతోందో చూడటమే అసలు లెక్క అని నా వాదన. 2035 నాటికి జీడీపీలో 5 శాతం రక్షణ, భద్రతలకు పెడతామని నాటో దేశాలు 2025లో ఒప్పుకున్నాయి. ఫ్రాన్స్‌లా పన్నులు ఇప్పటికే జీడీపీలో 40 శాతం దాటిన దేశాలు ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తాయి?

బడ్జెట్ లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి, నా కొలతలో ఏమైనా వదిలేస్తున్నానా? వడ్డీ రేటు కన్నా వృద్ధి రేటు ఎక్కువుంటే పాత అప్పు దానంతటదే తేలికవుతుందంటారు. ఆయుధాల కోసం చేసిన అప్పుకూ అది వర్తిస్తుందా?