బీరు రంగు కొలతకు "వన్నె" అనొచ్చా?

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాను, ఇంట్లో బీరు చేసుకుంటాను (ఇక్కడ ఫెడరల్ చట్టం 1979 నుంచి ఒప్పుకుంటోంది). మాల్ట్ ఎంపికతో బీరు రంగు ఎలా మార్చుకోవచ్చో తెలుగులో రాస్తున్నాను. "మాల్ట్"కి (మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు) చిక్కు లేదు, రాగిమాల్ట్ అందరికీ తెలుసు. కానీ సంచి మీద ఆ మాల్ట్ రంగు ఎంత ముదురో చెప్పే అంకె "60 లోవిబాండ్" అని ఉంటుంది. ఈ కొలతకు "వర్ణస్థాయి" అంటే కృతకంగా ఉంది. ఇంకేమైనా మాట ఉందా?

జవాబు: వన్నె అనండి. వర్ణానికి తద్భవం, రంగు అని అర్థం, బంగారం మేలిమిని చెప్పే మెట్టు అని కూడా అర్థం. పదహారు వన్నెల బంగారం అంటాం కదా! కంసాలి గీటురాయి మీద గీత గీసి, వన్నె తెలిసిన బంగారపు గీత పక్కన పెట్టి కంటితో పోల్చేవాడు. ఇంగ్లండులో జోసెఫ్ లోవిబాండ్ 1880ల్లో చేసిందీ దాదాపు ఇదే. రంగు గాజు పలకలను వరసగా అమర్చి, బీరు రంగు ఏ పలకకు సరిపోతుందో కంటితో చూశాడు. రంగునూ మెట్టునూ కలిపి చెప్పే మాట మనకు ముందే ఉంది, వదులుకోవద్దు.

మరో సభ్యురాలు: అభ్యంతరం ఉందండీ. వన్నె పెరిగితే మేలిమి అనే ధ్వని వస్తుంది. నల్ల మాల్ట్ 500 వన్నెలు అంటే అదే ఉత్తమమని చదివేవారు అనుకోరూ?

ప్రశ్న వేసినవారు: నిజమే, ఆ ప్రమాదం ఉంది. లెక్క చూపిస్తే తొలగుతుందేమో. 5 గాలన్ల బీరుకు 2 వన్నెల లేత మాల్ట్ 9 పౌన్లు, 60 వన్నెల క్రిస్టల్ మాల్ట్ 1 పౌను వేస్తే తయారైన బీరు రంగు అమెరికా కొలత (SRM)లో 10 దగ్గర, అంటే తేనెరంగులో ఉంటుంది. దానికి 500 వన్నెల నల్ల మాల్ట్ 2 ఔన్సులు కలిపితే చాలు, 15 దాకా పోయి రాగిరంగు తేలుతుంది. అదే ఒక పౌను వేస్తే నల్లగా, చేదుగా అవుతుంది.

జవాబు: బాగుంది. అయితే వన్నె అంకెకే ఉంచి, పక్కన మన వంటింటి మాటలు వేయండి: దోరగా వేయించినది, ముదురుగా వేయించినది, మాడ్చినది. 1817లో డేనియల్ వీలర్ గింజల్ని తిరిగే పీపాలో మాడ్చే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాకే లండన్ పోర్టర్ అనే ముదురు రంగు బీరుకు ఆ నల్ల మాల్ట్ దొరికింది. "మాడ్చిన" అని చదివితే ఎవరూ మేలిమి అనుకోరు.

సభ్యురాలు: అలాగైతే ఒప్పుకుంటాను. కానీ క్రిస్టల్‌ను "వేయించిన" అని మాత్రం ఊరుకోకండి. మొలకను తడి మీదే ఉడికించినట్టు వేడిచేసి, లోపల చక్కెర తయారయ్యాక వేయిస్తారు. "ఉడికించి వేయించిన మాల్ట్" అంటేనే సరి.